గుడారానికి గృహప్రవేశం

ఇల్లు కట్టినవాణ్ణి చూసి ఈర్ష్య పడకండి. గుడారం వేసినవాణ్ణి చూసి దండం పెట్టండి! ఇంటిదేముంది? మేస్త్రీ కడతాడు, కూలీలు మోస్తారు, యజమాని గొడుగు కింద నిలబడి తప్పులు పడతాడు. గుడారం అలా కాదు. దాన్ని కుటుంబమంతా కలిసి వేయాలి. మన దేశంలో కుటుంబ వ్యవస్థ చల్లగా ఉండాలంటే రేషను కార్డుతో పాటు ఇంటికో గుడారం ఇవ్వాలని ప్రభుత్వం వారికి నా విన్నపం.

నవ్వుతున్నారా? నవ్వండి. ఈ కలర్ టీవీల కాలంలో మొగుడూ పెళ్ళాం, అత్తా అల్లుడూ, బావా బామ్మర్దీ ఒకే గుడ్డను తలో కొసా పట్టుకుని నాలుగు గంటలపాటు మాట్లాడుకునే భాగ్యం ఇంకెక్కడ దొరుకుతుంది? ఏం మాట్లాడుకున్నారని మాత్రం అడక్కండి.

నాకు ఈ జ్ఞానోదయం మేడారం జాతరలో అయింది. రెండేళ్ళకోసారి మా వరంగల్ జిల్లా సగం ఆ అడవిలో కాపురం పెడుతుందని మీకు తెలుసు. కొందరు బండి కింద, కొందరు చెట్టు కింద, కొందరు ఉత్త ఆకాశం కింద. కిందటి జాతరలో మేం మూడో రకం. జంపన్న వాగులో స్నానం చేసి వచ్చిన నా భార్య లక్ష్మి, అంత జనంలో చీర మార్చుకోవడానికి చాటు దొరక్క, ఆ తడిచీర ఒంటి మీదే ఆరేదాకా ఎండలో నిలబడింది. ఇంటికొచ్చి పదిరోజులు జ్వరంతో పడుకుంది.

అందుకే ఈసారి నెల ముందే చెప్పింది. "నాకు ఇంకేమొద్దు. తానం చేసి వచ్చినంక చీర మార్చుకునెతందుకు జర మరుగు కావాలె. గంతే."

గంతేనట! పెళ్ళాం మరుగు అడిగితే ఉత్త మరుగు ఇచ్చి ఊరుకునేవాడు ఏం మొగుడండీ? సికింద్రాబాదు పోయి, మిలిటరీవాళ్ళు వాడి వదిలేసిన గుడారం కొనుక్కొచ్చాను. పదిమంది సిపాయిలు పడుకునేదట. వరంగల్ స్టేషన్లో దాన్ని రైలు దించడానికి ఇద్దరు హమాలీలు పట్టారు. అది ఇంటికొచ్చిన రోజు నుంచి మా ముందుగదిలో మనుషులు గోడవారగా నడవాల్సి వచ్చింది.

మా వీధిలో జానీ మియా అని ఒకాయన ఉన్నాడు. పెళ్ళిళ్ళకు షామియానాలు వేయడం ఆయన పని. "సార్, నేనొచ్చి చూపిస్తా" అన్నాడు పాపం. డిగ్రీ చదివి, ఆఫీసులో యూడీసీ దాకా ఎదిగినవాడికి షామియానా మనిషి పాఠం చెప్పడమా? డాబా మీద నేనే రిహార్సల్ మొదలుపెట్టాను. సిమెంటు కప్పులో మేకు దిగదన్న సంగతి నాకు మూడో మేకు వంగాక తెలిసింది. కింద అన్నం తింటున్న ఇంటి ఓనరుకు మొదటి మేకుకే తెలిసింది.

"సార్, అక్కడంత ఇసుక ఉంటది" అని జానీ మియా వీధిలోంచి కేకేశాడు. "మేకులు ఆగయి. గోనెసంచుల్ల ఇసుక నింపి గుంతల పాతిపెట్టుండ్రి. తాడు దానికి కట్టుండ్రి. ఇగ ఫికర్ ఉండది."

నేను విననట్టు నటించాను. లక్ష్మి మాత్రం ఇంట్లో ఉన్న నాలుగు గోనెసంచులు దులిపి, మడిచి, ట్రంకుపెట్టెలో పెట్టుకుంది. ఆడవాళ్ళకు ఖాళీ సంచులంటే అదేం మోజో!

మేడారానికి మేం నలుగురం బండి కట్టించుకుని వెళ్ళాం. నేను, లక్ష్మి, స్టేషన్ ఘన్‌పూర్ నుంచి వచ్చిన మా అత్తయ్య కట్టమ్మ, ఆవిడ కొడుకు మల్లికార్జున్. మా బామ్మర్ది అప్పుడే ఇంజనీరింగు పాసై, ఆ చదువు ఎవరి మీద ప్రయోగించాలా అని ఎదురుచూస్తున్నాడు.

"బావా, ముందుగాల లోడ్ ఎటు పడ్తదో చూడాలె" అంటూ పుల్ల తీసుకుని ఇసుకలో బొమ్మ గీయడం మొదలుపెట్టాడు. గంటసేపు గీశాడు. చాలా అందంగా వచ్చింది. దారిన పోయే భక్తులు అదేదో పూజకు వేసిన ముగ్గనుకుని తొక్కకుండా చుట్టూ తిరిగి పోయారు. ఒక ముసలమ్మ పసుపు కూడా చల్లింది.

ఈలోగా మా అత్తయ్య నడుం మీద చేతులు పెట్టుకుని వచ్చింది. "అల్లుడా, దర్వాజ ఎటు పెడ్తానవ్?"

గుడారానికి దర్వాజా ఏమిటి, రెండు గుడ్డ రెక్కలేగా అన్నాను.

"మూడు దినాలుండనీ, ముప్పై ఏండ్లుండనీ, ఇల్లు ఇల్లే. తూర్పుకు పెట్టు."

"తూర్పుకు బండ్ల బాటున్నది అమ్మా" అంది లక్ష్మి. "వచ్చేటోళ్ళు పోయేటోళ్ళు అందరు చూస్తరు. ఆ తుప్పల దిక్కు పెడితే మరుగుంటది."

"తుప్పల దిక్కంటే దక్షిణం! దక్షిణం దర్వాజ పెట్టుకొని బాగుపడ్డోళ్ళను ఒక్కలను చూపియ్యి."

లక్ష్మి చూపించలేకపోయింది. ఆ గుడారంలో పడుకున్న సిపాయిలు ఏ దిక్కుకు వాకిలి పెట్టుకుని యుద్ధం చేశారో ఎవరూ రాసిపెట్టలేదు. కాబట్టి తూర్పే ఖాయమైంది. పెద్దావిడ మాట కాదనడం నాకూ ఇష్టం లేకపోయింది. ఆవిడ మాట వింటే లక్ష్మి మాట వినే పని తప్పుతుంది కదా!

మొదటిసారి గుడారం లేచింది. మేకులు ఇసుకలోంచి వెన్నముద్దలోంచి వచ్చినట్టు వచ్చేశాయి. లోపల గుంజ పట్టుకున్న మల్లికార్జున్ కనిపించకుండా పోయాడు. "థియరీ కరెక్టే బావా!" అని గుడ్డ కింది నుంచి మాత్రం వినిపించింది. రెండోసారి గుంజ నేను పట్టుకున్నాను. ఆ సంగతి ఎక్కువ చెప్పను.

మూడోసారి లక్ష్మి మాతో చెప్పకుండా గోనెసంచుల్లో ఇసుక నింపి నాలుగు మూలలా పాతింది. గుడారం నిలబడింది. నా పట్టుదల వల్లే నిలబడిందని అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పాను.

ఇక లోపలికి పోదామంటే అత్తయ్య అడ్డం నిలబడింది. పాలు పొంగించకుండా కొత్తింట్లో అడుగు పెడతారా? ఇంటి నుంచే తెచ్చిన మామిడాకుల తోరణం కట్టింది. కొబ్బరికాయ కొట్టింది. గుడారం నట్టనడుమ మూడు రాళ్ళు పెట్టి, పచ్చికట్టెలతో మంట చేసి, గిన్నెలో పాలు పెట్టింది. పాలు పొంగాయి. వాటికంటే ముందు పొగ పొంగింది. గుడారానికున్న చిల్లులన్నిట్లోంచీ పొగ లేస్తుంటే చుట్టుపక్కల బండ్లవాళ్ళు బిందెలెత్తుకుని పరిగెత్తుకొచ్చారు.

ఆర్పడానికి వచ్చినవాళ్ళను అత్తయ్య కూర్చోబెట్టింది. "గృహప్రవేశానికి వచ్చిండ్రు, తియ్యటి పాలు తాగి పోండ్రి." వాళ్ళు తాగారు. పోలేదు. బయట అంత ఎండ పెట్టుకుని ఎవడు మాత్రం పోతాడు?

అప్పుడే అటుగా వెళుతున్న మా ఆఫీసు సూపరింటెండెంటు వెంకట్రాజం గారు నన్ను చూశారు. లోపలికొచ్చి, "భేష్! గుడారమంటే ఇట్లుండాలెనయ్యా" అన్నారు. ట్రంకుపెట్టె మీద కాళ్ళు చాపి వెల్లకిలా పడుకున్నారు. ఆ పెట్టెలోనే లక్ష్మి పొడిచీరలున్నాయి. అయితేనేం, పైఅధికారి గురక మన గుడారంలో వినిపించడం ఎంతమందికి రాసిపెట్టి ఉంటుంది?

తల్లీకూతుళ్ళు వాగుకు వెళ్ళారు. మగవాళ్ళం ఇల్లు కనిపెట్టుకుని ఉన్నాం. ఊరికే కూర్చుంటే ఇల్లు కనిపెట్టడం కష్టం కనక పేకముక్కలు తీశాం. మొత్తం పద్నాలుగుమందిమి.

వాళ్ళు తిరిగొచ్చేసరికి గాలి లేచింది. ఇద్దరి చీరల్లోంచీ నీళ్ళు కారుతున్నాయి. లక్ష్మి వాకిట్లో నిలబడి అంది: "జర అందరు బయటికి పోండ్రి. చీరలు మార్చుకోవాలె."

అందరికీ వినిపించింది. అందరూ పక్కవాడి వైపు చూశారు. "గీ ఒక్క ఆట కానియ్యి అక్కా" అన్నాడొకడు. నేను వెంకట్రాజం గారి వైపు చూశాను. నిద్రపోతున్న పైఅధికారిని లేపమని సర్వీసు రూల్సులో ఎక్కడుంది? "ఐదు నిమిషాలు, లక్ష్మీ" అన్నాను, తల ఎత్తకుండానే. అబద్ధమెందుకు, అప్పుడే నాకు జోకరు పడింది.

ఐదు నిమిషాలు పావుగంటయ్యాయి. బాట మీద పోయేవాళ్ళు పోతూ పోతూ తడిచీరల వైపు చూస్తున్నారు. మా అత్తయ్య పళ్ళు టకటకలాడుతున్న చప్పుడు నాకు పేకముక్కల దాకా వినిపించింది. తర్వాత ఆవిడ గొంతు వినిపించింది.

"బిడ్డా, తాడు ఏ దిక్కున్నదే?"

"నాలుగు దిక్కులున్నది అమ్మా."

"అయితే నాలుగు దిక్కులు ఇప్పు."

పదిమంది సిపాయిల గుడారం పద్నాలుగుమంది గుమాస్తాల మీదా రైతుల మీదా కూలితే ఎలా ఉంటుందో మీరు చూడాల్సింది! ఎవరి కాలు ఎవరిదో తెలియలేదు. వెంకట్రాజం గారు నిద్రలోనే "ఫైలు పెట్టు, రేపు చూస్తా" అన్నారట. ఆయన దక్షిణం వైపు నుంచి పాకుతూ బయటికొచ్చారు. అందరం దుమ్ము దులుపుకుని దూరంగా నిలబడ్డాం.

తల్లీకూతుళ్ళు మా సాయం అడగలేదు. ఆ తడిచీరలతోనే గుంజలెత్తారు, తాళ్ళు లాగారు. మల్లికార్జున్ వాచీ ప్రకారం పదకొండు నిమిషాలు. వాకిలి ఈసారి తుప్పల దిక్కుకు పెట్టారు. పెట్టించింది స్వయానా మా అత్తయ్యే.

పొడిచీర కట్టుకుని లక్ష్మి బయటికొచ్చేసరికి వాకిట్లో ఇంకో ఇద్దరు తడిచీరలతో నిలబడి ఉన్నారు. వాళ్ళెవరో మాకు తెలియదు. వాళ్ళ వెనుక నలుగురు. కాసేపటికి ఆ వరుస మా బండి దాటి, పక్క బండి దాటి, వాగు దారి పట్టింది. ముసలివాళ్ళు, చంకలో పిల్లలున్నవాళ్ళు, కొత్త పెళ్ళికూతుళ్ళు. అంతమందీ ఇన్నేళ్ళుగా తడిగుడ్డలతోనే ఇళ్ళకు పోయేవాళ్ళా? ఆ వరుసను చూస్తే నాకు సిగ్గేసింది. చేతిలో ఇంకా పట్టుకునే ఉన్న జోకరును ఎవరూ చూడకుండా జేబులో వేసుకున్నాను.

అయినా మొగుణ్ణి కదా, ఊరుకోగలనా? లక్ష్మి దగ్గరికి వెళ్ళి మీసం సవరించుకుంటూ అన్నాను. "చూశావా, నేను గుడారం తెచ్చాను కాబట్టే కదా నీకు మరుగు దొరికింది!"

ఆమె తల తుడుచుకోవడం ఆపి నా వైపు చూసింది.

"గుడారం పొద్దుగాల నుంచే ఉన్నది" అంది. "మరుగు మీరందరు బయటికి వచ్చినంక దొరికింది."