పుదుచ్చేరిలో దొరికిన చీకటి పదార్థం

కంటికి కనబడనివాళ్ళంత మంచివాళ్ళు ఈ లోకంలో లేరు! నమ్మకం కుదరకపోతే ఎలక్షను రోజున మా పుదుచ్చేరికి వచ్చి చూడండి. చూడ్డానికి ఒక్క శాల్తీ ఉండదు. ఓటు పెట్టె మాత్రం నిండి ఉంటుంది.

ఈ మహాసత్యాన్ని కనిపెట్టింది గుడ్డల కొట్టు పట్టాభిగారు. ఆయనకు ఫ్రెంచి వచ్చు. ఓడ వచ్చినప్పుడల్లా సైన్సు పత్రిక తెప్పించుకుని, సాయంత్రాలు తిన్నె మీద కూర్చుని, వినేవాళ్ళున్నా లేకపోయినా చదివి వినిపిస్తారు. 1906లో ఒక పత్రికలో ఆకాశం సంగతి పడింది. వెలిగే చుక్కలు కాక, వెలగని చీకటి పదార్థం కూడా పైన ఏమైనా ఉందా అని పండితులు వెతుకుతున్నారట. కనబడదు గనక టెలిస్కోపు పనికిరాదు. కనబడే చుక్కల వేగం చూసి, వాటిని లాగుతున్న మొత్తం బరువెంతో లెక్క కట్టాలట. అలా లెక్క కట్టిన ఒక ఫ్రెంచి పండితుడు, చీకటి పదార్థమంటూ ఉన్నా, వెలిగేదానికన్నా ఎక్కువేమీ ఉండదని తేల్చేశాడు.

పాపం, ఆయన ఎన్నడూ మా ఊళ్ళో ఓటు వేసి ఉండడు!

"చుక్కల బరువు తర్వాత చూద్దురు గాని, ఈ బిందె బరువు చూడండి" అంది ఆయన భార్య గిరిజ. ఆమెకు ఏడో నెల. వీధి బావిలో నీళ్ళు ఉప్పన. తాగే నీళ్ళు కావాలంటే కాలువ దాటి, ఫ్రెంచి దొరలుండే వైట్ టౌన్ అంచున ఉన్న కుళాయి దాకా పోయి మోసుకురావాలి. మునిసిపల్ ఎలక్షనులో తనను గెలిపిస్తే వీధికి కుళాయి వేయిస్తానని దురైసామి అనే పెద్దమనిషి మాట ఇచ్చాడు. ఆయన గెలిస్తే కుళాయి, ఓడితే బిందె. భార్య నడుము పట్టుకుని గుమ్మం ఎక్కడం చూసినప్పుడల్లా పట్టాభిగారికి ప్రాణం ఉసూరుమనేది. అందుకని వీధి వీధంతటినీ ఆయనే కూడగట్టారు.

ఎలక్షను రోజు రానే వచ్చింది. కానీ రాహుకాలం పొద్దున్నే పడింది!

"ఆగండప్పా, రాహుకాలం పోనీండి. మంచి గడియలో అందరమూ కలిసి పోదాము" అన్నారు పట్టాభిగారు.

సైన్సు చదివే మనిషికి రాహుకాలమేమిటని నవ్వకండి. రాహువు మాత్రం కంటికి కనబడుతున్నాడా? ఫ్రెంచివాళ్ళు ఇప్పుడిప్పుడే వెతుక్కుంటున్నారు. మనవాళ్ళు కనబడని గ్రహాన్ని పట్టుకోవడమే కాదు, ఆయన ఏ పూట వస్తాడో పంచాంగంలో వేసి పెట్టారు కూడా!

వీధంతా ఇళ్ళలో ఆగిపోయింది. పట్టాభిగారు ఒక్కరే వెళ్ళి ఓటు గదికి ఎదురు తిన్నె మీద కూర్చుని కాపలా కాశారు. లోపలికి ఒక పోలీసు వెళ్ళాడు, ఒక మేక వెళ్ళింది. మేకను తరిమేశారు. ఇంకెవరూ రాలేదు. మన పని ఖాయమని ఆయన సంతోషించారు.

రాహుకాలం దాటింది. ఉతికిన పంచలతో, విభూతి రేఖలతో వీధంతా తరలివచ్చింది. అందరికన్నా ముందు పట్టాభిగారు బల్ల దగ్గరికి వెళ్ళారు. అక్కడి గుమాస్తా అళగేశన్ తలెత్తకుండానే, "మీ ఓటు అయిపోయిందే" అన్నాడు.

"ఎవురు వేసింది?"

"మీరే."

"నేను ఆ తిన్నె మీదనే ఉండాను గదప్పా, నీకు ఎదురుగానే!"

"నాకు కనబడలేదే" అన్నాడు అళగేశన్. "మీ నాయన కూడా వచ్చి వేసిపోయినారు."

నాయన పోయి మూడేళ్ళు. మండిపడాల్సిన పట్టాభిగారు బల్ల మీదికి వంగారు. "ఎట్లా ఉండారప్పా మా నాయన?" అని అడిగేశారు.

"బాగుండారు. కొంచెం తొందరలో ఉన్నెట్టుండె."

తొందరే మరి! రాహుకాలం చూసుకునేది బతికున్నవాళ్ళే కదా! వీధిలో మిగిలినవారి ఓట్లూ అలాగే అయిపోయాయి. సాయంత్రానికి దురైసామి చిత్తుచిత్తుగా ఓడిపోయాడు.

పట్టాభిగారు తిన్నె మీద కూలబడి లెక్క కట్టారు. కనబడినవాళ్ళు ఇంతమంది, పెట్టె బరువు అంత. కనబడని పదార్థం కనబడేదానికి ఎన్నో రెట్లు ఉంది! ఫ్రెంచి పండితుడి లెక్క తప్పు! ఆ బాధలోనూ ఆయనకు కాస్త గర్వం కలిగింది.

కలగదా మరి? కనబడని ఓటర్ల వల్ల ఊరికి ఎంత మేలో ఆలోచించండి. తోపులాట లేదు, తగాదా లేదు, గోడల మీద తాంబూలం మరకలు లేవు. వాళ్ళకు రోడ్డు అక్కర్లేదు, డాక్టరు అక్కర్లేదు. ముఖ్యంగా, వాళ్ళకు దాహం వేయదు. ఇంతకన్నా ఉత్తమ పౌరులు ఏ మేయరుకైనా దొరుకుతారా? మనలాగా కనబడేవాళ్ళే ఊరికి పెద్ద బెడద!

గిరిజ అంతా విని, బిందె తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"ఏంది ఇది?"

"నీళ్ళకు పోయి రాండి."

"నేనా? అందరూ చూస్తారే!"

"యాడ చూస్తారు? పొద్దున్నుంచీ ఎదురుగా కూర్చోనుంటేనే కనబడలేదంట గదా. ఇప్పుడు ఎవురికి కనబడతారు?"

ఆ తర్కంలో పట్టాభిగారికి తప్పు దొరకలేదు. ఆమె ముఖంలో అలసట చూశాక వెతకబుద్ధీ కాలేదు. బిందె భుజాన పెట్టుకుని బయల్దేరారు. నాలుగడుగులు వేశారో లేదో, ప్రతి కిటికీలోనూ ఒక తల మొలిచింది. "అయ్యో అన్నా, మీరా!" అంది పక్కింటి మీనాంబాళ్. తలవంచుకుని గబగబా కాలువ దాటారు.

అవతల గట్టున, పని ముగించుకుని ఇంటికి పోతున్న అళగేశన్ అల్లంత దూరం నుంచే ఆయన్ని గుర్తుపట్టాడు. వంగి దండం పెట్టి, దారి ఇచ్చి, ఎంతో జాలిగా అడిగాడు.

"ఏమి పట్టాభిగారూ, మీ వీధికి ఇంకా కుళాయి రాలేదా?"