ఆ మెట్లు లేకుంటే ఫొటో బాగుండేది

ఆదివారం పొద్దున ఆబిడ్స్ ఇరానీ హోటల్లో రాజనర్సుగారితో చాయ్ తాగాలి, ఆయన తీసిన ఫొటోలు చూడాలి, నాలుగు మంచి ముక్కలు చెప్పాలి, భోజనం వేళకు ఖైరతాబాదులో ఇంటికి చేరుకోవాలి. రవిచంద్ర వేసుకున్న పథకం ఇంతే. పసిపిల్లవాడు కూడా చేసుకురాగల పని. అయినా ఆ మహానుభావుడికి తెల్లవారకముందే మెలకువ వచ్చింది, మూడు చొక్కాలు మార్చాడు. ఎందుకంటే రాజనర్సుగారు స్నేహలత తండ్రి. స్నేహలతను తప్ప ఇంకెవరినీ చేసుకోనని రవిచంద్ర తన ఇంట్లో అలిగి, అరిచి, బతిమాలి అమ్మానాన్నలను ఎలాగో ఒప్పించాడు. ఇక ఈయన ఒక్కరు ఊఁ అనాలి.

చెప్పులు వేసుకుంటుంటే స్నేహలత ఫోన్ చేసింది.

"చూడు రవీ, మా నాయినకు భజన చేసెటోళ్ళంటే పడదు. పోయినసారి ఒక సంబంధమొస్తే ఆ పిలగాడు ప్రతి ఫొటోకు సూపర్ అంకుల్, సూపర్ అంకుల్ అన్నడు. చాయ్ గూడ పూర్తిగ తాగనియ్యకుంట పంపిచ్చిండు."

"అయితే ఉన్నదున్నట్టు చెప్పేస్తాలే."

"అమ్మో, గట్ల చెప్తే ఇంక లగ్గమే లేదు! ఫొటోలు ఏమంత బాగుండయి. నాకెర్క, అమ్మకెర్క, చుట్టాలందరికెర్క. ఆయనకే తెల్వదు. మీ ఆఫీసుల కొత్త పిల్లలకు నువ్వు చెప్తవ్ గదా, నొప్పి తెల్వకుంట? ముందుగాల ఒక మంచి మాట, నడుమ చిన్న సలహా, మళ్ళొక మంచి మాట. గట్ల చెప్పు. బాగలేదన్న మాట మాత్రం నోట్లకెల్లి రావొద్దు."

"వస్తే?"

"వస్తే నేను ఎవల్నో చేసుకోని సిద్దిపేటకు పోత" అని ఫోన్ పెట్టేసింది.

రాజనర్సుగారు నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగమంతా కాలువ ఈ గట్టున నిలబడి ఆ గట్టు మీదివాళ్ళతో మాట్లాడటం వల్ల ఆయనకు గొంతు తగ్గించడం చేతకాదు. రిటైరైనా సఫారీ సూటు వదల్లేదు, జేబులో పెన్నులు వదల్లేదు. ఫొటోలను సైతం పెద్ద సైజులో వేయించి, ట్యాగు కట్టి, ఆఫీసు ఫైల్లో పెట్టుకుంటారు. ఆ ఫైలును హోటల్ బల్ల మీద దబ్బున పడేసి, "చూడు. మొహమాట పడకు" అన్నారు.

మొదటి ఫొటో చూడగానే రవిచంద్రకు నోట్లో ఉస్మానియా బిస్కెట్ అక్కడే ఆగిపోయింది. ఆబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్ వైపు పోయే ఒక సందు అది. సందు మొత్తం తాగినవాడిలా ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది. పై మూలన నల్లటి నీడ. ఏం చెప్పాలి? తీసినవాడి తప్పని అనకూడదు. అనకపోతే భజన అవుతుంది. ఫొటోలో నోరులేనిది ఏదైనా దొరుకుతుందేమోనని వెతికాడు. కుడి పక్కన ఒక దుకాణం మెట్లు కనిపించాయి. ప్రాణం లేచొచ్చింది.

"వెలుగు చాలా బాగా పట్టారండి. కాకపోతే ఈ మెట్లు ముందుకు పొడుచుకొచ్చి చూపును అడ్డగిస్తున్నాయి. ఆ మెట్లు లేకుంటే ఫొటో ఇంకా బాగుండేది. మొత్తం మీద మంచి ప్రయత్నం అంకుల్."

రాజనర్సుగారు బల్ల మీద ఒక్క చరుపు చరిచారు. సాసర్లు ఎగిరిపడ్డాయి. "అద్గదీ! మూడేండ్ల సంది ఒక్కడు గిట్ల కారణం చెప్పలే. నడువ్, గా సందు ఈడనే ఉన్నది. గాడనే నిలబడి చెప్దువు గాని!"

కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే. అక్కడే చాయ్ ఒలకబోసుకుని చొక్కా పాడైందని ఇంటికి పోయినా సరిపోయేది. కానీ ప్రేమలో పడ్డవాడికి బుద్ధి సమయానికి ఎక్కడ పనిచేస్తుంది! ఫైలు చంకలో పెట్టుకుని వెనకాలే నడిచాడు.

ఆదివారం కాబట్టి సగం షట్టర్లు దించి ఉన్నాయి. వాటి ముందు పాత పుస్తకాలవాళ్ళు పట్టాలు పరుచుకున్నారు. రాజనర్సుగారు నడివీధిలో వెంట తెచ్చిన మూడుకాళ్ళ కెమెరా స్టాండు పాతినట్టు నిలబెట్టి, "గిప్పుడు చెప్పు" అన్నారు.

"రెండడుగులు వెనక్కి జరిగితే బాగుంటుందేమోనండి."

"రెండడుగులంటే ఎవల అడుగులు? నీయా, నాయా?" అంటూ ఆయన జేబులోంచి కొలత టేపు తీశారు. ఇంజనీరు కదా, అడుగుల మీద నమ్మకం లేదు. "గా కొస పట్టుకోని మెట్లకాడ నిలబడు." రవిచంద్ర నిలబడ్డాడు. ఆయన కొలిచి, మళ్ళీ వచ్చినప్పుడు అదే చోటు దొరకాలని సుద్దముక్కతో రోడ్డుకు అడ్డంగా ఒక గీత గీశారు. ఫైలు తెరిచి ఫొటోనూ మెట్లనూ మార్చి మార్చి చూశారు.

ఆ మెట్లు సూట్‌కేసుల దుకాణం వెంకటేశానివి. దుకాణం ఎంతుందో మెట్లు కూడా ఇంచుమించు అంతే ఉంటాయి, ఫుట్‌పాత్ మీద. సఫారీ సూటు, స్టాండు, టేపు, సుద్దగీత, ఆపైన ఫైల్లో తన దుకాణం ఫొటో! గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, వెంకటేశం గబగబా దిగివచ్చాడు. రెండు కుర్చీలు వచ్చాయి. రెండు బాదంపాలు వచ్చాయి. రాజనర్సుగారిని కూర్చోబెట్టి, రవిచంద్రను పక్కకు లాగాడు.

"సారూ, పెద్దసారు జర కోపం మనిషి లెక్కున్నడు, మీరన్న చెప్పున్రి. మా నాయిన కట్టిచ్చిన మెట్లివి. కింది మెట్టు నేనే తీపిచ్చుకుంట. మీదియన్న ఉండనియ్యున్రి. కూలగొట్టుడు మాత్రం వద్దు సారూ, మీకు దండం పెడ్త."

రవిచంద్ర రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. "అయ్యయ్యో, మేము దానికోసం వచ్చినవాళ్ళం కాదండీ!"

"అందరు మొదలు గట్లనే అంటరు సారూ" అన్నాడు వెంకటేశం దీనంగా.

ఇక లాభం లేదు, ఉన్న సంగతి చెప్పేద్దామని రవిచంద్ర కుర్చీ దగ్గరకు పరుగెత్తాడు. రాజనర్సుగారు బాదంపాలు పట్టుకుని కళ్ళు తుడుచుకుంటున్నారు.

"చూసినవా రవీ? మూడేండ్ల సంది గీ కెమెరా పట్టుకోని గల్లీ గల్లీ తిరిగిన. పక్కకు జరుగన్నోళ్ళే గాని కుర్చీ ఏసినోడు లేడు. కళకు ఇజ్జత్ ఇచ్చెటోళ్ళు ఇంక ఉన్నరయ్యా."

ఆ ముఖం చూశాక నోరెలా పెగులుతుంది? చెబితే ఈయన మనసు విరుగుతుంది, చెప్పకపోతే వెంకటేశం మెట్లు విరుగుతాయి. రవిచంద్రకు ఆయన మీద జాలి వేసింది, తన మీద ఏడుపొచ్చింది. తొందరగా ఇక్కణ్ణుంచి బయటపడితే చాలనుకుని, "అద్భుతం అంకుల్! ఇక ఏ లోపమూ లేదు. వెళ్దామా?" అన్నాడు.

రాజనర్సుగారి కనుబొమలు పైకి లేచాయి. "ఏందీ? గిప్పటిదాక మంచిగ చెప్తుంటివి, భజన షురూ చేసినవేంది?"

సిద్దిపేట కళ్ళ ముందు కదిలింది. "అంటే... అదిగో, ఆ నీలం పట్టా ఒకటి..." అన్నాడు హడావుడిగా. మాట పూర్తికాకముందే పుస్తకాలవాడు పట్టా చుట్టేశాడు. "ఆ వేలాడే బోర్డు..." అన్నాడు. ఎక్కడి నుంచో నిచ్చెన వచ్చింది, బోర్డు దిగింది. రవిచంద్ర భయపడి చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. ఆ చెయ్యి అంతకుముందు ఎటు చూపించిందో గుర్తుపెట్టుకుని, అటు పక్కవాళ్ళు రేకులు విప్పుకోవడం మొదలుపెట్టారు. సందు చివరిదాకా ఫోన్లు మోగాయి. రాజనర్సుగారు ఒకటే మురిసిపోతున్నారు. "ఫొటో మంచిగ రావాలని ఎంత పాకులాడుతున్నరో చూడు! నీ మాట కింద పడనిస్తలేరు గదనయ్యా!"

జామకాయల బండి జంగమ్మకు మాత్రం ఒళ్ళు మండింది. కొంగు నడుముకు చుట్టి వచ్చి ఎదురుగా నిలబడింది. "ఏం సారూ, గరీబోళ్ళ దిక్కే గీతలు గీస్తరా? గా దిక్కు పెద్ద పెద్ద దుకాణాలు మీ కండ్లకు కనవడ్తలేవా?"

తమ వైపు మాత్రమే ఫొటో తీస్తున్నందుకు ఆమె నొచ్చుకుందనుకున్నారు రాజనర్సుగారు. "నిజమే తల్లీ. నీ మాట ఎందుకు కాదనాలె? గా దిక్కు గూడ కొలుద్దాం!" అని టేపు పట్టుకుని లేచారు. అంతే. అప్పటిదాకా తమాషా చూస్తున్న ఆ పక్కవాళ్ళంతా ఒక్కసారిగా రోడ్డు మీదికి దిగారు. ఇంకేముంది! గుంపు, తోపులాట, కేకలు. ఆటోలు ఆగిపోయి హారన్లు కొడుతున్నాయి.

"నోటీసేది?"

"ఆయితారం పూట వచ్చుడేంది?"

"అసలు ఏ డిపార్ట్‌మెంట్ సారూ మీది?" అని వెంకటేశం గట్టిగా అడిగాడు.

రవిచంద్ర అడ్డుపడేలోగా, రాజనర్సుగారు అవతలి గట్టుకు వినబడే గొంతుతో సగర్వంగా చెప్పారు. "ఇరిగేషన్!"

ఎవరో గుండెలు బాదుకున్నారు. "ఇరిగేషనా? అంటే మన ఇండ్ల కింద నాలా కాలువ ఉన్నదన్నట్టేనా? ఓ దేవుడా, సందుకు సందే పోతది!"

"రిటైరయ్యారు! ఆయన రిటైరయిపోయారండీ!" అని రవిచంద్ర మొత్తుకున్నాడు.

"గిప్పుడు రిటైరైనోళ్ళనే పెట్టుకుంటున్నరు. మాకు తెల్వదా?" అన్నాడు వెంకటేశం. అని స్టాండు ఒక కాలు పట్టుకున్నాడు. ఇంకొకడు రెండో కాలు పట్టుకున్నాడు. రాజనర్సుగారు కెమెరాను గుండెలకు హత్తుకుని, ఏమీ అర్థంకాక బిత్తరచూపులు చూస్తున్నారు. ఎవరో ఆయన సఫారీ కాలర్ మీద చెయ్యి వేశారు.

ఆ చెయ్యి చూడగానే రవిచంద్ర స్నేహలతను మరిచిపోయాడు, సిద్దిపేటను మరిచిపోయాడు. కుర్చీ ఎక్కి, ఫైలు తెరిచి పైకెత్తి, చెయ్యి ఝాడించి అరిచాడు.

"వదలండి ఆయన్ని! ఆఫీసర్లు ఇలాంటి ఫొటోలు తీస్తారా? కళ్ళు తెరిచి చూడండి! సందు సందంతా స్టేషన్ వైపు ఒరిగిపోయింది! వెంకటేశంగారూ, ఇందులో మీ మెట్లు ఎన్నో లెక్కపెట్టగలరా? అంతా మసక! ఇదిగో, జంగమ్మగారికి తలకాయ లేదు! ఈ మూలనున్న నల్లటిది నీడ కాదు, ఆయన బొటనవేలు! ప్రతి ఫొటోలో ఆ వేలుంది! ఇంత చెత్త ఫొటోలతో ఎవడైనా ఎవడి కొంపైనా కూల్చగలడా? ఆయన సరదాకి తీసుకుంటున్నారు, రావు, అయినా తీస్తారు! నేను ఆయన కూతుర్ని చేసుకోవాలని తప్పంతా మెట్ల మీదికి నెట్టి చెప్పాను!"

ఫైలు చేతులు మారింది. వెంకటేశం ఒక ఫొటోను అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. "గిది నా దుకాణమేనా? నేనే గుర్తుపడ్తలేను గదా! గిది పట్టుకోని కోర్టుకు పోతే జడ్జి మనదిక్కే ఉంటడు" అన్నాడు. జంగమ్మ ఫొటో లాక్కుని, "ఔ సారూ, నా తలకాయేది?" అంది. ఎవడో కిసుక్కుమన్నాడు. ఇంకొకడు పగలబడి నవ్వాడు. ఇళ్ళు దక్కిన సంతోషం కూడా కలిసిందేమో, సందు సందంతా విరగబడి నవ్వడం మొదలుపెట్టింది. జంగమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. వెంకటేశం నవ్వలేక తన మెట్ల మీదే చతికిలబడ్డాడు.

ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే, తెరిచిన నోరు తెరిచినట్టే, కుర్చీ మీద రవిచంద్ర ఒక్కడే నవ్వలేదు. నోటివెంట వచ్చిన ఒక్కో మాట ఇప్పుడు చెవిలోకి దూరుతోంది. ఇంతలో ఎక్కడో క్లిక్ మన్న చప్పుడైంది. తలతిప్పి చూసేసరికి రాజనర్సుగారు కెమెరా దించుతున్నారు.

ఆయన స్టాండు మడిచారు, ఫైలు అడిగి తీసుకున్నారు, నాంపల్లి వైపు నడిచారు. రవిచంద్ర వెనకాలే నడుస్తూ, "అంకుల్, క్షమించండి" అన్నాడు. ఆయన నడక వేగం పెంచారు. "వాళ్ళు కొడతారేమోనని..." అన్నాడు. స్టేషన్ దగ్గర ఆయన ఆటో ఎక్కి, స్టాండును మాత్రం రవిచంద్ర చేతిలో పెట్టి వెళ్ళిపోయారు. దాని అర్థమేమిటో తెలియక, ఆ మూడుకాళ్ళ దాన్ని భుజాన వేసుకుని అతను ఖైరతాబాదు చేరాడు. చావు తప్పి కన్ను లొట్టబోయింది అందామంటే, చావైనా తప్పిందో లేదో తెలియదు. మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. స్నేహలతకు ఫోన్ చేసే ధైర్యం చాలలేదు.

సాయంత్రం ఆమే చేసింది. గొంతు వణుకుతోంది. ఏడుస్తోందనుకుని రవిచంద్ర కళ్ళల్లో నీళ్ళు తెచ్చుకున్నాడు. తీరా వింటే నవ్వాపుకుంటోంది.

"ఏం జేసినవ్ రవీ? నాయిన వచ్చినప్పటి సంది ఒకటే ఫొటో చూసుకుంటున్నడు. మూడేండ్లల్ల మొదటిసారి మంచిగొచ్చిందట. వేలు గూడ పడలే! తన మీద చెయ్యి పడ్డప్పుడు ముందటికి దుంకిన పిలగాడు వీడే, లగ్గం పెట్టుకోమని అమ్మతోని చెప్పిండు. నీ ఫొటో అని గదే చుట్టాలందరికి పంపిండు. సిద్దిపేట మేనత్త ఒకటే అడిగింది, పిలగాడు ఏ పార్టీ అని."

ఆ ఫొటో రవిచంద్ర ఫోన్‌కూ వచ్చింది. నిజంగానే గొప్పగా ఉంది. సందు నిటారుగా నిలబడింది, జంగమ్మకు తల ఉంది, ప్రతి ముఖంలోనూ నవ్వు మెరుస్తోంది. అందరి మధ్యన కుర్చీ మీద చెయ్యెత్తి అరుస్తున్నట్టున్న పెళ్ళికొడుకు. దాని వెనకాలే రాజనర్సుగారి ఫోన్ కూడా వచ్చింది.

"ఎట్లున్నది? శుభలేఖ మీద గిదే ఏపిద్దామనుకుంటున్న. ఏమన్న లోపముంటే గిప్పుడే చెప్పు."

శుభలేఖలు పంచారు, పెళ్ళీ అయిపోయింది. ఆ ఫొటోలో తన రెండు కళ్ళూ మూసుకుపోయి ఉన్నాయని రవిచంద్ర ఇంతవరకు ఎవరితోనూ అనలేదు.