వెనకబడిన న్యూట్రినోలు

విశ్వం ఎంత పాతదైనా, మా కొండ కిందికి వచ్చేటప్పుడు వేళకు రావాలి. ఇది ఇక్కడి పరిశోధనాలయం నిర్ణయం.

పాత జింకు గని అడుగున పెద్ద నీళ్ల తొట్టి ఉంది. ఎక్కడో నక్షత్రం పేలిపోతే న్యూట్రినోలనే కణాలు బయల్దేరి, కొండలోంచి దూరి, తొట్టిలో చిన్నగా మెరిసి పోతాయి. వాటికి బరువుంటే, శక్తి తక్కువవి కాస్త వెనకబడతాయి. ఆ వెనకబాటును బట్టి బరువు లెక్కకట్టాలి. మన పాలపుంతలో అలాంటి పేలుడు అరుదు. దానికోసం ప్రొఫెసర్ ఉకాయ్ (మాకు ఉకాయ్ సెన్సే, అంటే గురువుగారు) నల్ల జుట్టుతో వచ్చి తెల్ల జుట్టయ్యేదాకా కూర్చున్నారు. మార్చి ఆఖరుకు పదవీ విరమణ.

ఫిబ్రవరిలో, మేం దారిలో మంచు ఎత్తిపోస్తుండగా నక్షత్రం పేలింది. (విరమణకు ముందే పేలడం దాని మర్యాద.) న్యూట్రినోలు వచ్చాయి. కొన్ని వెనకబడి వచ్చాయి. సెన్సే గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నారు.

అవి లెక్కలోకి ఎక్కాలంటే పాలనాధికారి కురెబయాషి ఎర్ర ముద్ర పడాలి.

"సెన్సే, ఇవి లేటు."

"అదే కదయ్యా మనకు కావలసింది!"

"రైలు లేటయితే స్టేషన్‌వాళ్లు చీటీ ఇస్తారు. అది చూపిస్తేనే మా సిబ్బందిని ఒప్పుకుంటాను. వీటి చీటీ ఏదండీ?"

"ఎవరిస్తారు? బయల్దేరిన చోటే పేలిపోయింది!"

"అయితే పేలినట్టు పైవాళ్ల చేత రాయించుకు రండి."

"పైన ఎవరున్నారయ్యా?"

"అది మీ శాఖ సెన్సే. నాది కింద."

"నీకు దణ్ణం పెడతా. నేను బతికుండగా ఇంకోటి పేలదు."

"అలా అనకండి. మొన్న పరీక్షల్లో మీ బీపీ బాగానే ఉందిగా."

సమయపాలన ఉపసంఘం కూర్చుంది. అందరికంటే ముందుగా కాదనడం ఇక్కడ మోటుతనం కనుక ఎవరూ కాదనలేదు. వెనకబడినవాటిని గైరుహాజరు కింద కొట్టేశారు. మిగిలినవన్నీ ఒక్కసారే వచ్చినట్టు తేలింది. కనుక న్యూట్రినోలకు బరువు లేదని అచ్చువేశారు. చిన్నచిన్న తొట్లున్న దేశాలవాళ్లు బరువు తేల్చి, ఆ ఫలితానికి తమ పేర్లు పెట్టుకున్నారు. మీకు తేడా ఎందుకొచ్చిందని అడిగితే, "మా దగ్గర క్రమశిక్షణ ఎక్కువ" అని జవాబు వెళ్లింది.

వీడ్కోలు రోజున కురెబయాషి నడుము వంచి నమస్కరించి, సెన్సేకు పూలగుత్తి ఇచ్చారు.

"ఇన్నేళ్లలో మీరు ఒక్కరోజూ లేటు రాలేదు సెన్సే!"

అందరం చప్పట్లు కొట్టాం. లేటు రానివాటికి బరువుండదని అప్పటికే అచ్చయిపోయింది.