అబ్సలామ్ కాలు

ఆ ఆదివారం పొద్దున స్పైస్‌వుడ్ లోయకి ఆకాశం రాలేదు. రెండు కొండల మధ్య రోజూ కనబడే ఆ కాస్త నీలి పేలిక కూడా మంచులో కలిసిపోయింది. మంచు వాగు మీంచి లేచి, పొగాకు కొట్టాల కప్పుల దాకా వచ్చి, ఆపైన ఎటు పోవాలో తోచనట్టు ఆగిపోయింది. ఓర్లీనా స్కాగ్స్ వసారాలోకి వచ్చి ఒకసారి పైకి చూసి, "తొమ్మిదికల్లా పోతుందిలే" అంది. ఆకాశానికి కూడా గడువు పెట్టే మనిషి ఆమె.

మే నెల చివరి ఆదివారం ఆ లోయలో సమాధుల పండగ. చుట్టాలంతా కొండ నెత్తి మీది శ్మశానానికి ఎక్కి, కలుపు పీకి, కుంగిన మట్టిని మళ్ళీ గుట్టగా చేసి, మైనంలో ముంచిన కాగితప్పూలు పెట్టి, ఒక కీర్తన పాడి, అక్కడే గడ్డిలో దుప్పట్లు పరుచుకుని భోంచేస్తారు. తండ్రి ఎల్జీ పోయినప్పటినుంచీ ఈ పెత్తనం ఓర్లీనాది. పెళ్ళి చేసుకోలేదు. డెబ్బై ఏళ్ళొచ్చాయి. పైన తల్లి పక్కన తన చోటు ఎప్పుడో గుర్తు పెట్టుకుంది. రాయి కూడా నిలబెట్టించింది. పేరూ పుట్టిన ఏడూ చెక్కించి, రెండో ఏటికి జాగా వదిలింది.

ఆ చోటికే ఈ చలికాలం అడ్డం వచ్చింది. ఒహాయో రాష్ట్రం నుంచి డార్నెల్ అనే పెద్దమనిషి జింకల వేట కోసం ఆ కొండ కొని, దారికి ఇనపగేటు బిగించాడు. ఓర్లీనా వెళ్ళి అడిగితే మర్యాదగానే మాట్లాడాడు.

"పైన అబ్సలామ్ రక్తం తప్ప ఇంకెవరూ అడుగు పెట్టకూడదట గదండీ. ఇక్కడ ఎవర్నడిగినా అదే చెబుతున్నారు. మీ రూలేనట."

"మా నాన్న పెట్టాడు. నేను నడుపుతున్నాను."

"మంచి రూలండీ. నేనూ అదే నడుపుతాను. అబ్సలామ్ రక్తమని రుజువు చూపినవాళ్ళకి గేటు తీస్తాను. మిగతావాళ్ళు కిందే ఉండాలి. జింకలు బెదురుతాయి."

"ఆదివారం చూద్దువుగాని మా రక్తం ఎంతుందో" అని ఆమె వెనక్కి తిరిగి వచ్చేసింది.

రూలు మాట అబద్ధం కాదు. అబ్సలామ్ స్కాగ్స్ ఆ లోయలో మొదట గుడిసె వేసిన మనిషి. ఆయన రక్తం కాని శవాన్ని ఓర్లీనా కొండ ఎక్కనివ్వలేదు. ఆరేళ్ళ క్రితం బర్డీ మొగుడు హోబర్ట్ పోయినప్పుడు కూడా అంతే. బర్డీ అబ్సలామ్ కూతురి మనవరాలు, ఓర్లీనాకి వదిన వరస. "నువ్వు రావచ్చు వదినా, అతను రాకూడదు" అని శవం దగ్గరే చెప్పింది. హోబర్ట్‌ని వాగు ఒడ్డున పెట్టారు. ఏటా వరదొచ్చినప్పుడు అతని మీద చేపలు తిరుగుతాయి. అప్పటినుంచీ బర్డీ ఓర్లీనాతో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు, అవసరానికి తక్కువ ఒక్క తిట్టు తిట్టలేదు.

ఆదివారానికి ఓర్లీనా వేసిన ఎత్తు చిన్నదే. ఓ పాతికమంది చుట్టాల్ని గేటు ముందు నిలబెట్టి, వరసలు చెప్పి, గేటు తీయించి, మధ్యాహ్నానికి కలుపు ముగించడం. అందుకని పొద్దుటి వార్తలు చదివే రేడియో లోంజోకి ఫోన్ చేసింది. "అబ్సలామ్ మనవలూ మునిమనవలూ గేటు దగ్గరికి రావాలి. రక్తానికి రుజువు తెచ్చుకోవాలి. తలో గిన్నె తెచ్చుకోవాలి." లోంజోకి గంభీరంగా చదవడం ఇష్టం. తప్పిపోయిన కుక్కకీ చర్చి విందుకీ మధ్యన, "అబ్సలామ్ స్కాగ్స్ వంశస్థులు తగిన రుజువులతో హాజరు కావలసిందిగా కోరడమైనది" అని వారమంతా చదివాడు. గిన్నె సంగతి గంభీరంగా లేదని వదిలేశాడు.

ఆ కొండల్లో ఒకరి వంశాన్ని వెతికి రుజువులు అడిగారంటే కారణం ఒకటే ఉంటుంది. కింద గ్యాసు పడింది, వారసులకి వాటాలు పంచుతారన్నమాట.

మంచు తొమ్మిదికి పోలేదు, తొమ్మిదిన్నరకి పోయింది. పోయాక చూస్తే గేటు దగ్గర్నుంచి పెద్ద రోడ్డు దాకా ఒకటే బళ్ళు. ఒంటిబండి బాట కావడంతో ముందుకి వచ్చినవాళ్ళు వెనక్కి పోలేరు, వెనక ఉన్నవాళ్ళు ముందుకి రాలేరు. మూడు జిల్లాల స్కాగ్సులు దిగారు. ఒకడు ఇత్తడి తాళం వేసిన కుటుంబ బైబిలు తెచ్చాడు, తాళంచెవి లేదు. ఒకావిడ అబ్సలామ్ ఎక్కిన కంచరగాడిద ఫొటో అద్దం కట్టించి తెచ్చింది. ఇంకొకడు వాళ్ళమ్మనే తీసుకొచ్చి, "పోలిక చూడండి, అచ్చు ఆయనే" అన్నాడు. అబ్సలామ్‌ని చూసినవాళ్ళు అక్కడెవరూ లేరు. ఆ అమ్మకి మీసం మాత్రం నిజమే.

పెద్ద టోపీవాడు ఒకడు ఓర్లీనా చెవి దగ్గరికి వంగాడు. "పెద్దమ్మా, తలకెంతొస్తుందేంటి?"

"ఏం వచ్చేది?"

"గ్యాసు."

"గ్యాసు లేదు. కలుపుంది."

"అంటే, ముందు కలుపు పీకితేనా?"

"గ్యాసు లేదంటున్నానా."

అతను వెనక్కి వెళ్ళి, "గట్టిది, నోరిప్పడం లేదు. అంటే పెద్దదే పడుంటుంది" అని చెప్పాడు. ఆ మాట బళ్ళ వరస వెంబడి ఆమె నడిచేకంటే వేగంగా వెళ్ళింది. ఆమె ఎంత గట్టిగా లేదంటే గ్యాసు అంత పెరిగింది. రోడ్డు మూసుకుపోయిందని పోలీసు క్లీట్ సైరన్ వేసుకుని వచ్చాడు. అతని జీపు వెనక ఇంకో నాలుగు బళ్ళు చేరాయి, పోలీసొచ్చాడంటే పంపకం మొదలైనట్టేనని.

గేటు అవతల డార్నెల్ రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని నిలబడ్డాడు. "అయ్యా, బైబిళ్ళూ గాడిదలూ నేను చూడను. ఇలాగైతే అమెరికా అంతా అబ్సలామ్ మనవలే. రుజువంటే రుజువులా ఉండాలి."

అప్పుడు బర్డీ తన బండి బానెట్ మీద ఎక్కి కూర్చుంది. ఎవరివైపూ చూడకుండా బూటు విప్పింది, మేజోడు విప్పింది.

"బైబిలెందుకు? అబ్సలామ్ కాలు అబద్ధమాడదు గదా" అంది.

ఆమె రెండో వేలూ మూడో వేలూ సగం దాకా అతుక్కుని ఉన్నాయి. లోయలో దాని పేరే అబ్సలామ్ కాలు. పిల్ల పుడితే మంత్రసాని ముందు ఏడుపు వింటుంది, తర్వాత కాలు చూస్తుంది.

ఇక చూసుకోండి. బాట పొడుగునా బూట్లు విప్పడం మొదలైంది. డార్నెల్ గేటు మధ్యలోంచి వంగి వంగి చూశాడు. పోలికల అమ్మకి ఉంది, ఆమె కొడుక్కి లేదు. అతను అక్కడికక్కడే తల్లిని అనుమానంగా చూశాడు. గాడిద ఫొటో ఆవిడకి రెండు కాళ్ళకీ ఉంది. "మేజోడు విప్పేముందు చెప్పాలయ్యా" అని డార్నెల్ ఒకడి దగ్గర ముక్కు మూసుకున్నాడు. అందరూ వెనక్కి తగ్గండని క్లీట్ అరిస్తే, "నువ్వు ఎవరబ్బాయివిరా?" అని నలుగురడిగారు. ఆ అడగడం ఆ కొండల్లో మామూలే. చెప్పక తప్పదు. చెప్పాక విప్పకా తప్పలేదు. క్లీట్‌కీ ఉంది. ఆ తర్వాత అతను ఎవర్నీ వెనక్కి తగ్గమనలేదు.

"ఇదంతా ఉత్త గోల" అన్నాడు డార్నెల్ చివరికి, నడుం పట్టుకుని. "కాలివేళ్ళు అతుక్కుంటే వంశమైపోతుందా? ఎక్కడైనా ఉంటాయవి. నేను ఒహాయోలో పుట్టాను. నాకూ ఉన్నాయి. ఇదిగో." అని బూటు లాగి, గేటు మధ్య కమ్మీ మీద పాదం పెట్టి చూపించాడు.

బాట మీది తలలన్నీ ఆ పాదం వైపు వంగాయి. పికప్ బండి తొట్టిలో, పడిపోకుండా వంటింటి కుర్చీకి తాడుతో కట్టేసి తెచ్చిన వెస్టీ ముసలమ్మ గొంతు ఒక్కటే వినిపించింది. ఓర్లీనాకి మేనత్త. తొంభై ఎప్పుడో దాటింది.

"అబ్బాయ్, మీ నాయనమ్మ పేరేంటి?"

"లూవెర్నా. చిన్నప్పుడే ఎక్కడో కొండల్లోంచి వచ్చేసిందట, ఫ్యాక్టరీ పనికి."

"ఇక్కడినుంచే. మా ఇంటి పిల్లే. పోతూ పోతూ నా నీలం రిబ్బను పట్టుకుపోయింది. తెచ్చావా?"

డార్నెల్ తన కాలు వంక అలాగే చూస్తూ ఉండిపోయాడు. దాన్ని కమ్మీ మీంచి దించడం మర్చిపోయాడు.

అప్పుడు బర్డీ నెమ్మదిగా అంది, "అందరిదీ అయింది. పెద్దదానిది కాలేదు. విప్పు వదినా."

ఓర్లీనా కదల్లేదు. "నాది మేనమామ పోలిక. మా నాన్న చెప్పాడు. మా వైపు అది ఆడపిల్లలకి రాదు."

"నాకొచ్చిందిగా. వెస్టీ పిన్నికి వచ్చిందిగా. విప్పు."

ఆమె వంగి లేసులు విప్పింది. పాదం బయటికి తీసింది. ఐదు వేళ్ళూ ఐదు దిక్కులకి విడివిడిగా ఉన్నాయి, ఒకదాని మొహం ఒకటి చూడనట్టు.

"ఉండదమ్మా" అంది వెస్టీ, వాతావరణం చెప్పినట్టు. "ఎలా ఉంటుంది? మీ నాన్న మాకు వసారాలో దొరికాడు. పీచ్ పళ్ళ బుట్టలో. నాకు బాగా గుర్తు, మంచు పడుతోంది. 'బిగుసుకుపోకముందే లోపలికి తెండర్రా' అంది మా అమ్మ. అంతే, మావాడైపోయాడు. ఎవరు అడగబోయారు?"

"అందరికీ తెలుసా?" అంది ఓర్లీనా.

జనం అటూ ఇటూ చూశారు. ఒకడు టోపీ సర్దుకున్నాడు. క్లీట్ బూటులోకి తొంగిచూశాడు. ఆమె పుట్టకముందునుంచీ ఆ లోయలో ప్రతి ఒక్కరికీ తెలుసు.

"మరి ఆ రూలు?"

"అబ్సలామ్ తాత ఏ రూలూ పెట్టలేదు" అంది వెస్టీ. "దారిన పోయే కుండలవాణ్ణి కూడా పైన పూడ్పించాడు. రూలు మీ నాన్నే పెట్టాడు. పెడుతుంటే మేమెవ్వరం మాట్లాడలేదు. బుట్టలో వచ్చినవాడు, కంచె కట్టుకుంటున్నాడు, కట్టుకోనీ అనుకున్నాం."

డార్నెల్ గొంతు సవరించుకున్నాడు. అతను చెడ్డవాడు కాడు, లెక్క తప్పడం ఇష్టం లేనివాడు. "అంటే, రూలు ప్రకారం వీళ్ళంతా వెళ్ళొచ్చు. నేనూ వెళ్ళొచ్చు. ఈవిడ మాత్రం..."

అని చేతిలోని తాళంచెవి వంక చూసుకున్నాడు.

ఓర్లీనా ఒంటి బూటుతోనే గేటు దగ్గరికి నడిచింది. "తీస్తావా, ఎక్కమంటావా?"

"రూలు మీదేనండీ."

"మా నాన్నది. ఆయన పైనున్నాడు. వెళ్ళి అడిగొస్తాను." అని ఒక కమ్మీ మీద కాలు పెట్టింది. రెండో కమ్మీ, మూడో కమ్మీ. "మా అమ్మ మీద గడ్డి మోకాలి లోతుంది. అది పీకడానికి ఏ వేలు కావాలో నాకెవరూ చెప్పక్కర్లేదు. ఆపేవాడెవడో రండి. రక్తమున్నవాడే రండి."

ఎవరూ రాలేదు. ఆమె గేటు నెత్తి మీదికి చేరి, ఒక కాలు ఇటూ ఒక కాలు అటూ పడేసరికి గౌను తాళం కొక్కేనికి తగులుకుంది. దిగడానికి లేదు, ఎక్కడానికి పైన ఇంక గేటు లేదు. అయినా ముఖం మాత్రం గుర్రం ఎక్కినదానిలాగే పెట్టింది.

బర్డీ కూడా ఒంటి బూటుతోనే నడిచొచ్చి కింద నిలబడింది. "వాగు ఒడ్డున హోబర్ట్ పక్కన కాస్త ఖాళీ ఉంది వదినా. కాళ్ళు చూడరు అక్కడ. చేపలు అడగవు."

"పైకి తెచ్చుకో."

"ఎవర్ని?"

"మీ ఆయన్ని. నాకవతల ఇంకో చోటుంది. గురక పెట్టకూడదని ముందే చెప్పు."

బర్డీ చాలాసేపు పైకి చూసింది. ఆరేళ్ళు దాచుకున్న మాటలు చాలానే ఉన్నట్టున్నాయి, ఏది ముందు తియ్యాలో తేలలేదు. చివరికి, "ఆయన పెడతాడు" అంది.

"అయితే అటువైపు తిప్పి పెట్టు."

బర్డీ భుజం ఆనించి కింద నుంచి తొయ్యబోయింది. అదే సమయానికి డార్నెల్ తాళం తీసేశాడు. గేటు ఓర్లీనాని ఎక్కించుకునే కిర్రుమంటూ తిరిగి, లోపలికి తీసుకెళ్ళి, బ్లాక్‌బెర్రీ పొదకి ఆనించి ఆగింది. ఆ కొండ మీదికి అంత దర్జాగా ఇంతకుముందెవరూ వెళ్ళలేదు. శవాలు కూడా.

పెద్ద టోపీవాడు డార్నెల్ని అడిగాడు, "అయితే గ్యాసు?"

"లేదండీ. నేను కొనేముందే చూపించుకున్నాను."

ఇంటికి పోదామంటే బళ్ళు కదలవు. మధ్యలో ఇరుక్కున్నది పోలీసు జీపే. ఊరికే నిలబడి ఏం చేస్తామని మూడు జిల్లాల జనమూ పైకెక్కి కలుపు పీకారు. తమవాళ్ళెవరో తెలియక అందరి సమాధులూ బాగు చేశారు. కుండలవాడి గుట్టకి కూడా పూలు పడ్డాయి. ఓర్లీనా తల్లి దగ్గర ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు. తండ్రి దగ్గర కాసేపు నిలబడింది. ఏమడిగిందో, ఆయన ఏమన్నాడో ఎవరికీ చెప్పలేదు. అక్కడి నుంచి వచ్చి, తన రాయి అవతల నాలుగు అడుగులు కొలిచి ఒక పుల్ల పాతింది. బర్డీ ఆ పుల్లని వచ్చి ఇంకో అడుగు దూరం జరిపింది.

తిండి ముప్పైమందికి ఉంది, మూడొందలమంది ఉన్నారు. వేయించిన కోడి, మొక్కజొన్న రొట్టె, ఎండు ఆపిల్ పొరల కేకు ముక్కలు ముక్కలుగా చేతులు మారాయి. వెస్టీ కుర్చీలోనే తింది. ఆమె పక్కన డార్నెల్ నేల మీద కూర్చుని, ఎవరో ఇచ్చిన రెక్క ముక్క జాగ్రత్తగా నమిలాడు. ఓర్లీనా కంచంలో బర్డీ అడక్కుండానే తన బీన్సు వడ్డించి, గిన్నె మిగతావాళ్ళకి పంపించి, పక్కనే కూర్చుంది. కొండ మీద అందరూ తింటున్నారు.

బీన్సులో ఉప్పు లేదు. ఆ సంగతి అందరికీ తెలిసింది, అలవాటు ప్రకారం ఎవరూ అనలేదు.