ఆఖరి పేజీ తెలియని ఆట

ఆ రోజు పొద్దున్న లైబ్రేరియన్ అనుకున్న పని చాలా చిన్నది. పై ఆఫీసు నుంచి వచ్చిన అట్టపెట్టె విప్పాలి. లోపలున్న వాటికి లైబ్రరీ ముద్ర వేయాలి. కిటికీ పక్కన ఖాళీ చేయించిన బీరువాలో సర్దాలి. మధ్యాహ్నం ఇంటికెళ్లి వేడివేడిగా భోంచేయాలి. దేవుడికి దండం పెట్టుకుని బయల్దేరేటప్పుడు భార్యకి కూడా అదే మాట చెప్పాడు.

పెట్టెలో ఉన్నవి పుస్తకాలు కావు. జపానులో కొత్తగా విడుదలైన వీడియో గేములు. టీవీకి తగిలించి ఆడే యంత్రం ఒకటి, చేతిలో పట్టుకుని ఆడే బుల్లి యంత్రాలు కొన్ని, వాటిలో వేసుకునే డిస్కులు, గోరంత కార్డులు. వాటిని ఊరికే పంపలేదు. ఈ శాఖా లైబ్రరీ నుంచి జనం అరువు పట్టుకెళ్లేవి బాగా తగ్గిపోయాయి. నెలాఖరుకల్లా లెక్క పెరగకపోతే శాఖకి తాళం వేసి, పుస్తకాలన్నీ పెద్ద లైబ్రరీకి తరలించేస్తామని పై ఆఫీసు డైరెక్టరు ముఖం మీదే చెప్పేశాడు. ఆఖరి అవకాశంగా పంపింది ఈ పెట్టె. పుస్తకాల వాసన తప్ప మరో వాసన పట్టని లైబ్రేరియన్‌కి ఆ మాట విన్నప్పటి నుంచీ నిద్ర పట్టడం లేదు.

అయినా ముద్ర దాకా వెళ్లిన చెయ్యి ఆగిపోయింది. ఆయనకో నియమం ఉంది. తాను ఆఖరి పేజీ దాకా చదవనిది ఏదీ బీరువాలో పెట్టడు. "ఇది ఎలా ఉంటుందండీ?" అని ఎవరైనా అడిగితే నిజం చెప్పగలగాలి కదా, తెలియనిదాన్ని తెలిసినట్టు చేతిలో పెట్టడం అబద్ధమాడటమే కదా అని ఆయన బాధ. అందుకే ఆ వీధిలో అందరూ ఆయన్ని ఆఖరిపేజీ గారంటారు. ఎదురుగా మాత్రం మాస్టారంటారు.

"వీటిని చదవడం ఎలాగమ్మాయ్?" అని పక్కనే పెట్టె విప్పుతున్న లైబ్రరీ సహాయకురాలిని అడిగాడు.

"చదవడం కాదు సార్, ఆడాలి. కథంతా నడిపిస్తే చివరికి అయిపోతుంది."

"ఎంతసేపు పడుతుంది?"

"పోయినేడాది వచ్చినదానికి మా తమ్ముడికి సెలవులన్నీ సరిపోయాయి సార్."

మీ తమ్ముడికి మధ్యలో వేరే పనులుండి ఉంటాయిలే అని ఆయన యంత్రాన్ని చదువుకునే హాల్లోని టీవీకి తగిలించమన్నాడు. మధ్యాహ్నానికల్లా తేలిపోతుందనే ఆయన ధీమా.

కథ బాగానే మొదలైంది. ఒక కుర్రాడిని తల్లి నిద్రలేపి, పక్క రాజ్యంలో రాజుగారికి ఏదో ఆపద వచ్చిందని చెప్పి, చేతికో కత్తి ఇచ్చి పంపించింది. చేతిలో పట్టుకునే మీటల కంట్రోలర్ మీద వేళ్లు నడవక కుర్రాడు కాసేపు గోడకేసి నడిచాడు. తర్వాత దారిలో పడ్డాడు. ఊరు దాటగానే గుమ్మడికాయంత ప్రాణి ఒకటి చెవులూపుకుంటూ ఎదురొచ్చింది. కొట్టాలా, పారిపోవాలా అని తెర మీద అడిగింది.

"ఇది మనల్నేం చేసిందమ్మాయ్?"

"ఏమీ చేయలేదు సార్. కానీ కొడితే అనుభవం వస్తుంది. అనుభవం పెరిగితే బలమొస్తుంది."

"ఏమీ చేయనివాళ్లని కొడితే వచ్చే అనుభవం మనకెందుకు?" అని ఆయన పారిపోయే మీట నొక్కాడు. ఆ తర్వాత ఎదురైన ప్రతి ప్రాణి దగ్గరా అదే చేశాడు. ఊళ్లలో ఇళ్లకి తలుపులు బార్లా తీసి ఉన్నాయి. లోపలికెళ్లి కుండలు పగలగొడితే మందులు, బీరువాలు తెరిస్తే కవచాలు దొరుకుతాయని సహాయకురాలు చెప్పింది. మనుషులు లోపల కూర్చునుండగా వాళ్ల కుండలు పగలగొట్టడమేమిటో, వాళ్లు కిక్కురుమనకపోవడమేమిటో ఆయనకి అంతుబట్టలేదు. జపాను వాళ్లు ఎంతో మర్యాదస్తులని విన్నానే అని ఆలోచనలో పడ్డాడు. చివరికి అడగకుండా ఎవరింట్లోకీ వెళ్లకూడదని తీర్మానించుకున్నాడు. అడిగే మీట ఆటలో లేదు కాబట్టి వీధిలోనే నిలబడి, కనిపించిన ప్రతివాళ్లనీ పలకరించాడు. వాళ్ల మాటలు తెర మీద ఇంగ్లీషులో పడుతుంటే, అలవాటు కొద్దీ మన మాటల్లోకి మార్చి పైకి చదివాడు.

అక్కడే చిక్కొచ్చి పడింది. రోజూ పేపరు చదవడానికి వచ్చే రిటైరైన బస్సు కండక్టరు తలెత్తాడు. పేపరు మడిచి ఆ పక్కకి కుర్చీ జరుపుకున్నాడు. "రాజుగారి కూతురు ఏమైందన్నారు మాస్టారూ?" అన్నాడు. మాయమైందని ఆయన చెప్పాడు. ఎక్కడికన్నాడు కండక్టరు. అది తెలియాలంటే ఆ బావి దగ్గర ముసలావిడని అడగాలన్నాడు ఆయన. మధ్యాహ్నం భోజనానికి ఇద్దరూ ఇంటికి వెళ్లలేదు.

మర్నాడు కండక్టరు తన తోటి పెన్షనర్లని వెంటబెట్టుకొచ్చాడు. ఆటలు అరువు తీసుకుందామని వచ్చిన కుర్రకారు కోసం సహాయకురాలు "ఆట చదవబడుతున్నది. పూర్తయిన తర్వాత ఇవ్వబడును" అని అట్టముక్క మీద రాసి తగిలించింది. ఇదేదో కథాకాలక్షేపం కాబోలనుకుని వాళ్లూ కూర్చున్నారు. ఆ వారంలో పేపర్ల బల్ల దగ్గర కుర్చీ అనేది మిగల్లేదు. నిశ్శబ్దం అన్న బోర్డు కిందే వెనక వరసవాళ్లు "వినపడటం లేదు, కొంచెం గట్టిగా" అని కేకలు వేశారు. ఇంత జనాన్ని ఆ హాలు ఎన్నడూ ఎరగదు. అరువు రిజిస్టరు మాత్రం తెల్లగా ఉండిపోయింది. వచ్చినవాళ్లెవరూ ఏదీ పట్టుకెళ్లడం లేదు.

పని పంచుకుంటే తొందరగా తెములుతుందని లైబ్రేరియన్ ఒక బుల్లి యంత్రాన్ని రోజూ సాయంత్రం ఇంటికి తీసుకెళ్లి భార్యకిచ్చి, పొద్దున్నే తిరిగి తెచ్చేవాడు. దీవిలో ఇంటింటికీ తపాలా పంచే పిల్లి కథ అది. ఆవిడ మొదట్లో ఇదేం పిచ్చి అంది. తర్వాత అటూ ఇటూ తిప్పి చూసింది. రెండు రోజులు గడిచాక, "ఏమండీ, మూత తీసి వడ్డించుకోండి. కొండ మీది మేకలావిడకి ఉత్తరం ఇచ్చొస్తాను, పాపం కొడుకు కబురు కోసం చూస్తోంది" అనే స్థితికొచ్చింది. మధ్యలో ఒకసారి తలెత్తి ఆయన ఆట సంగతి అడిగింది. అంతా విని, "ఒక్క పురుగునీ చంపకుండా, ఒక్క కుండా ముట్టకుండా రాజ్యాన్నెలా కాపాడతారండీ?" అంది. ఆయనకీ అదే అనుమానం మొదలైంది.

అనుమానం వంతెన దగ్గర నిజమైంది. నదికి అవతల రాజ్యం. నది మీద వంతెన. వంతెన మీద గద పట్టుకుని తాటిచెట్టంత కాపలావాడు. వాణ్ని ఓడించినవాళ్లే దాటాలి. ఆయన వెళ్లి పలకరించాడు. వాడు గదతో ఒక్కటిచ్చాడు. అనుభవం బొత్తిగా లేని కుర్రాడు కుప్పకూలాడు. మళ్లీ ప్రయత్నిస్తారా అని యంత్రం అడిగింది. అంత మర్యాదగా అడిగితే కాదనలేక ఆయన మళ్లీ వెళ్లాడు. రోజూ వెళ్లాడు. ఒకసారి ఎడమ నుంచి, ఒకసారి కుడి నుంచి, ఒకసారి వాడు అటు తిరిగినప్పుడు. హాలంతా నిట్టూర్చింది. కండక్టరు తన సర్వీసులో ఫుట్‌బోర్డు దిగని మొండివాళ్లని ఎలా దారికి తెచ్చాడో వివరంగా చెప్పాడు. అదీ పనికి రాలేదు.

నెలాఖరు రోజు పై ఆఫీసు నుంచి ఫోను మోగింది. లైబ్రేరియన్ గద దెబ్బ తప్పించుకునే పనిలో ఉండటంతో సహాయకురాలు ఎత్తింది. పంపిన ఆటలు ఒక్కటీ బయటికి ఎందుకు వెళ్లలేదని డైరెక్టరు గద్దించాడు. ఆట గురించే అడుగుతున్నాడు కదా అని ఆ అమ్మాయి ఉన్నదున్నట్టు చెప్పింది.

"ఒకడు అడ్డంగా నిలబడ్డాడు సార్. వాడు కదిలితే గానీ బయటికి పంపలేం. మా సార్ రోజూ వెళ్లి మంచిగానే మాట్లాడుతున్నారు. వాడు గదతో కొడుతున్నాడు."

"కొడుతున్నాడా? మీ సార్‌నా?"

"ఇప్పుడే ఇంకోసారి పడిపోయారు సార్. ఫర్వాలేదు, అలవాటైపోయింది."

ఫోను ఠక్కున పెట్టేశాడు డైరెక్టరు. ఇద్దరు కాపలా మనుషులని జీపులో ఎక్కించుకుని, మందుల డబ్బా కూడా పెట్టించుకుని హుటాహుటిన వచ్చాడు. తలుపు నెట్టుకుని లోపలికి రాగానే కనిపించింది ఇసకేస్తే రాలని జనం. అందరూ ఒకే వైపు చూస్తూ ఊపిరి బిగబట్టి ఉన్నారు.

"ఎక్కడ వాడు?" అన్నాడు డైరెక్టరు.

హాలంతా ఒకేసారి టీవీ వైపు వేలు చూపించింది. కాపలా మనుషులు రెండడుగులు వేసి, ఎవరిని పట్టుకోవాలో తెలియక ఆగిపోయారు. అప్పుడే గద పడింది. కుర్రాడు కూలాడు. లైబ్రేరియన్ వెనక్కి తిరిగి, డైరెక్టరుని చూసి, చేతిలో కంట్రోలర్ ఎక్కడ పెట్టాలో తోచక దానితోనే నమస్కారం పెట్టాడు.

సంగతంతా అర్థం కావడానికి డైరెక్టరుకి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక కోపం రావడానికి క్షణం కూడా పట్టలేదు. జనం వచ్చారు, బాగుంది, కానీ తన లెక్క కూర్చున్న మనుషులది కాదని, గుమ్మం దాటి వెళ్లిన వస్తువులదని కచ్చితంగా చెప్పేశాడు. ఆ లెక్కలో సున్నా. రేపే శాఖ మూత.  లైబ్రేరియన్ బీరువాల వైపు ఒకసారి చూశాడు. 

డైరెక్టరు గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. "అసలు వాణ్ని మీరు తిరిగి కొట్టరేం?" అన్నాడు.

కత్తి ఇంతవరకూ ఒర నుంచి తీయలేదని లైబ్రేరియన్ ఒప్పుకున్నాడు. కవచం ఎందుకు లేదని ఆయన అడిగాడు. అది ఒకరింట్లో బీరువాలో ఉందని ఈయన చెప్పాడు. మందులో? కుండల్లో.  డైరెక్టరు వెనక్కొచ్చి, కోటు విప్పి కుర్చీకి తగిలించి, "ఇలా ఇవ్వండి, ఒక్క నిమిషం" అన్నాడు.

ఆ ఒక్క నిమిషం సాయంత్రం దాకా సాగింది. పెద్దమనిషి కుర్రాణ్ని మొదటి ఊరికి వెనక్కి నడిపించి, ఇళ్లలో దూరి, దొరికిన కుండనల్లా పగలగొట్టాడు. "అయ్యా, ఆ ముసలావిడ చూస్తోంది" అని కండక్టరు గొణిగాడు. డైరెక్టరు వినిపించుకోలేదు. చెవులూపుకుంటూ వచ్చిన గుమ్మడికాయ ప్రాణిని కొడుతుంటే పెన్షనర్లు ముఖాలు పక్కకి తిప్పుకున్నారు, కానీ ఒక కన్ను ఇటే వేసి ఉంచారు. కాపలా మనుషులు ఎప్పుడు కూర్చున్నారో ఎవరూ గమనించలేదు. ఇంత చేసీ వంతెన దగ్గరికెళ్తే గద మళ్లీ ఒక్క దెబ్బే వేసింది. డైరెక్టరు ముఖం జేవురించింది.

లైబ్రరీ కట్టేసే వేళయింది. డిస్కు తనకి కావాలన్నాడు డైరెక్టరు. యంత్రం ఇంట్లో పిల్లలది ఉందట, ఇన్నాళ్లూ తనే దాని జోలికి పోలేదట.

 శాఖ నిలవాలంటే ఇంతకంటే మంచి గడియ రాదని లైబ్రేరియన్‌కీ తెలుసు. అయినా అబద్ధం నోట రాదు. "నేనింకా పూర్తి చేయలేదండి. చివరికి ఎలా ఉంటుందని మీరడిగితే చెప్పలేను."

"చెప్పకండి," అన్నాడు డైరెక్టరు. "అది తెలియకే కదా అడుగుతున్నాను."

ఆ మాట దగ్గర లైబ్రేరియన్ ఆగిపోయాడు. ఇన్నేళ్లూ ఆఖరి పేజీ తెలిసిన పుస్తకాలే జనం చేతిలో పెట్టాడు. భగవంతుడు మాత్రం ఎవరికీ ఆఖరి పేజీ చూపించి ఈ లోకంలోకి పంపడం లేదు. మరి ఆయన్నెవరూ అబద్ధీకుడు అనడం లేదు.  చెయ్యి దానంతటదే ముద్ర అందుకుంది. డైరెక్టరు పేరు రాయించుకుని, సంతకం పెట్టించుకుని, డిస్కు ఇచ్చాడు.

ఒక్క వస్తువు వెళ్లినంత మాత్రాన లెక్క మారదు. మర్నాడు సామాను తరలించేవాళ్లు లారీతో రానే వచ్చారు. పుస్తకం పుస్తకం సరిచూశారు. చివర్లో వాళ్ల పెద్దగుమాస్తా రిజిస్టరు మీద వేలు పెట్టి ఆగాడు. అరువు వెళ్లినది ప్రతి ఒక్కటీ తిరిగొస్తే తప్ప శాఖకి తాళం వేయకూడదని నిబంధన. అది రాసిందీ డైరెక్టరే. అన్నీ ఉన్నాయి, ఒక్క డిస్కు లేదు. ఎవరి దగ్గరుందో చదివి, గొంతు సవరించుకుని, గుమాస్తా ఫోను కలిపాడు. అవతల ఏవో కుండలు భళ్లున పగులుతున్న చప్పుడు. "ఇంకొంచెమే ఉందయ్యా" అంది డైరెక్టరు గొంతు. లారీ ఖాళీగా తిరిగి వెళ్లింది.

ఆ తర్వాత లైబ్రేరియన్ మిగతా ఆటలన్నీ చదవకుండానే బీరువాలో సర్దాడు. అరువు జోరుగానే సాగుతోంది. ఎవరైనా ఎలా ఉంటుందని అడిగితే, "మీరు చూసి నాకు చెప్పండి" అంటున్నాడు. డైరెక్టరు తీసుకెళ్లినదాని గడువు మాత్రం ఎప్పుడో దాటిపోయింది.

"ఒకసారి గట్టిగా అడక్కూడదటండీ?" అంది భార్య.

"తప్పు," అన్నాడాయన. "పాఠకుల్ని తొందరపెట్టడం లైబ్రరీ మర్యాద కాదు."