నిన్నటి నీళ్ల మహాసంగ్రామము

సకలధాన్యరాశివిరాజితమై, మర పట్టిన బియ్యపు కమ్మదనము నాలుగు బజార్లకు వెదజల్లు మిర్యాలగూడ పట్టణమున, రాక్షసనామ సంవత్సర జ్యేష్ఠమాసమున, బావులన్నియు ఎండి నల్లాలే జనులకు శరణ్యములైన ఒకానొక ప్రభాతవేళ, రైసుమిల్లు ప్రభువును, వడ్లగింజను పంటికింద నొక్కి తేమ చెప్పగల దంతవిద్యాకోవిదుడును, సంచి విప్పకయే పాతబియ్యమును కొత్తబియ్యమును వాసనచే వేరుపరచు నాసికాధురంధరుడును అగు బ్రహ్మయ్య, గాజుతొట్టి ముందు నిలిచెను.

తొట్టిలో రాణి యను బంగారుచేప నీటిమీదికి తేలి, తెరచిన నోరు మూయక గాలికై అలమటించుచుండెను. దాని జతచేప మొన్ననే చచ్చెను. ఆ రెండింటిని పట్నంలో కొని ప్రాణముగా పెంచిన కూతురు హైమావతి, సూర్యాపేటలోని మేనత్త ఇంటికి పోవుచు, "నాన్నా, వీటిని నీ మీదనే ఇడిసిపెట్టి పోతున్న" అని అప్పగించి వెళ్లెను. రేపటి పొద్దుటి బస్సుకు ఆమె వచ్చును. పోయిన చేప సంగతి చెప్పుటకే నోరు రాని ఆ తండ్రి, ఉన్నదానినైనను బ్రతికించుకొనవలసియుండెను.

అందుకై ధైర్యము తెచ్చుకొని రోగనిదానమునకు పూనుకొనెను. పొలుసులు చూచెను, మచ్చ లేదు. రెక్కలు చూచెను, చిరుగు లేదు. మొప్పలు మాత్రము పండుమిరపకాయ వలె ఎర్రబడి యుండెను. మేత ఎక్కువైనదేమోనని తవుడు వేయుట మాని రెండు దినములాయెను గాని గుణము కానరాలేదు. తుదకు తన సర్వవిద్యలకు మూలమగు ముక్కును తొట్టిపై వంచి, ఊపిరి నిండ పీల్చెను. బ్లీచింగు పౌడరు! కలరా భయమున నల్లానీట కలిపిన మందు అది. కాని తాను నీళ్లు నింపి వారమాయెను. ఘాటు ఇంకను తాజాగా ఉండుటేమి?

"కనకమ్మా, ఈ నీళ్లు ఎవరు మార్చిన్రు?"

"నేనే," అని ఇల్లాలు వంటింటి ద్వారమునుండి సగర్వముగా పలికెను. "బిడ్డ పోయినకాడికెల్లి రోజు తెల్లారంగనే పారబోసి నల్లా నీళ్లు పడుతున్న. నిన్నటి నీళ్లు మనం తాగుతమా? గా మూగజీవికి పెడితే పాపం గాదా?"

ముప్పది యేండ్లుగా ఆ ఇంట ఉదయమున బిందెలన్నియు కుమ్మరించి, తోమి, కొత్తనీరు పట్టుట శాసనము. చేపకు పట్టిన తెగులు పురుగు కాదు, పుణ్యము. ఇక కావలసినది ఘాటు విరిగిన నిన్నటి నీరు; ఆ ఇంట అది చుక్కయైన దొరకదు.

బ్రహ్మయ్య మిల్లుకు పరుగెత్తెను. హమాలీలు చేతులు కడుగు గోలెమున మూడు దినములుగా ఎండకు కాగుచున్న నీటిని బిందెకు ముంచి, హమాలీ పాండు "నేను తెస్త గద సేటూ" అని వెంటబడుచున్నను వినక, భుజముపై మోసికొని బజారు నడుమ వచ్చెను. గడపకడ్డముగా కనకమ్మ, నడుమున చెంగు దోపి, చేత చెంబు ధరించి నిలిచియుండెను.

"గోలెం నీళ్లా? గవి నా గడప దాటయి."

అంతట ఆ వణిగ్వీరుడు బిందె దింపకయే, తన వ్యాపారానుభవమునెల్ల కంఠమున నింపుకొని పలికెను.

"కొత్తబియ్యం వండితే ఏమైతది?"

"మెత్తగైతది. కడుపు నొస్తది."

"మరి పాతబియ్యం?"

"పొడిపొడిగ అయితది. పాణానికి పడ్తది."

"నీళ్లు గూడ గంతేనే. కొత్త నల్లానీళ్లల్ల మందు ఘాటు ఉంటది, ఒక్కరోజు నిలవ పెడితే పోతది. నువ్వు రాణికి రోజు కొత్తబియ్యం పెడుతున్నవ్. రేపు బిడ్డ వచ్చి అడిగితే నేనేం చెప్పాలె?"

కనకమ్మ చెంబు దింపెను. పిదప ప్రక్కకు జరిగి, "గడప తడి చెయ్యకుండ్రి" అనెను. అంతియే కాదు, తొట్టిలో సగము నీరు తీసిన పిమ్మట, ఏ చెంబుతో అడ్డగించెనో ఆ చెంబుతోనే కొత్తగా తెచ్చిన పాతనీటిని మెల్లగా పోసెను.

దంపతులిద్దరు అన్నము మరచి తొట్టి ముందు కూర్చుండిరి. సూర్యుడు నడినెత్తికి వచ్చు వేళకు, సకలలోకములారా వినుడు, రాణి నీటిలోనికి దిగి ఈదుచు నోరు మూసికొనెను.

మరునాడు వచ్చిన హైమావతి జతచేప సంగతి విని వెక్కివెక్కి ఏడ్చెను, బ్రహ్మయ్యకును కన్నీరాగలేదు. కొంతసేపటికి బిడ్డ తేరుకొని, దాహమై వంటింటికి పోయి, మూతపెట్టిన బిందెలో చెంబు ముంచబోగా కనకమ్మ చేయి పట్టుకొనెను.

"గవి ముట్టకు బిడ్డా. నిన్నటి నీళ్లు, రాణికి. నువ్వు కొత్తయి తాగు."