మోదుగపువ్వు రక్షణ చట్టం

చుట్టి రావడానికి ఏనుగుకైనా ఒక వేసవి పట్టేంత పెద్ద అడవిలో ఒక శాసనసభ ఉండేది. సభ ఉన్నచోట ఫిర్యాదులు ఉండక తప్పదు కాబట్టి, వాటిని వినడానికి ఒక గుడ్లగూబ ఉండేది. అది పట్టపగలే ఫిర్యాదులు వినేది. పగటిపూట దానికి కళ్లు కనపడవు. చెప్పిందెవరో దానికే తెలియదు గనక ఇంకొకరికి చెప్పే ప్రసక్తి లేదు.

ఆ ఎండాకాలం మడుగు దగ్గర జింకపిల్లలు మాయమవసాగాయి. "కాలుజారి నీళ్లలో పడ్డాయి" అని కాపలా అధికారి తోడేలు ప్రతిసారీ సభకు నివేదించేది.

నిజం చూసింది సూరమ్మ అనే కౌజుపిట్ట. గట్టుపక్క గడ్డిలో గుడ్లు పొదుగుతూ, ఆ తోడేలే ఒక పిల్లను మెడ పట్టి పొదల్లోకి ఈడ్చుకుపోవడం చూసింది. మధ్యాహ్నం వెళ్లి గుడ్లగూబకు చెప్పి వచ్చింది.

ఫిర్యాదు సభకు వచ్చింది. "తోడేలును వెంటనే తప్పించండి!" అని లేచింది జింక.

"తొందరపడకమ్మా," అంది నక్క. "అధ్యక్షా! ముందు ఆ ఫిర్యాదు చేసిన ధైర్యశాలి మాటేమిటి? వారి ప్రాణం ఒక గుడ్లగూబ కంటిజబ్బు మీద ఆధారపడి ఉంది. సభకే సిగ్గుచేటు! రక్షణను పటిష్ఠం చెయ్యాలి."

సభ్యులు తోకలతో నేల చరిచారు.

"ఎవరో తెలియకుండా ఎలా కాపాడతాం?" అంది ఎలుగుబంటి, అమాయకంగానే. ఆ అమాయకత్వమే చట్టంలో మొదటి సెక్షన్ అయింది.

ఫిర్యాదు చేసినవారు సభకు వచ్చి పేరూ, నివాసమూ చెప్పుకోవాలి. పొరపాటున ఎవరూ హాని చెయ్యకుండా వారి తలమీద మోదుగపువ్వు పెడతారు. అడవి ఖర్చుతో రోజూ ఎండ్రకాయల భోజనం. ఇంటిముందు కాపలా. శిక్షణ పొందిన కాపలాదారులు తోడేళ్లే కాబట్టి వాళ్లే ఉంటారు. ఫిర్యాదుదారు వచ్చేదాకా విచారణ ఆగుతుంది.

"తోడేలు మీద చెప్పినవాళ్లకి తోడేళ్ల కాపలానా?" అంది జింక.

"ఒక అధికారి మీద ఆరోపణ వస్తే మొత్తం వ్యవస్థనే అనుమానిస్తారా?" అధ్యక్షస్థానంలో ఉన్న ఏనుగు నొచ్చుకుంది.

సూరమ్మ మొగుడు భయపడ్డాడు. "పువ్వు పెట్టుకున్నావంటే మన గుడ్లెక్కడున్నాయో వాడికి దారి చూపించినట్టే కదే!"

"నేను పోకపోతే విచారణ లేదయ్యా. నిన్న ఇంకో పిల్ల పోయింది."

"ఆ పిల్ల మనదా?"

సూరమ్మ మొగుడి వంక ఒక చూపు చూసింది. "గుడ్ల మీద కూర్చో," అని బయల్దేరింది.

ఆమె వెళ్లేసరికి సభలో ఒకరి తలమీద అప్పటికే పువ్వు ఉంది. ఆ తల నక్క బామ్మర్ది కుప్పయ్యది.

"ఈ రెండు కళ్లతో చూశాను," అంటున్నాడు కుప్పయ్య, గొంతు వణికిస్తూ.

"పొద్దున చూశావా, సాయంత్రమా?" అడిగింది ఎలుగుబంటి.

"నిజానికి వేళాపాళా ఉంటుందా బాబాయ్? ముందు ఆ భోజనం సంగతి తేల్చండి."

సూరమ్మ ముక్కు తెరిచింది. కాపలా వరసలో నిలబడ్డ ఆ అధికారి తోడేలు రెప్పవాల్చకుండా ఆ పువ్వునే చూస్తోంది. సూరమ్మ తెరిచిన ముక్కు మూసి వెనుదిరిగింది.

"నా పని ఎవరో చేసేశారు," అంది ఇంటికొచ్చి. ఆ మాటకి తనకే సిగ్గేసింది. గుడ్ల మీద కూర్చున్నాక మాత్రం ప్రాణం కుదుటపడింది.

విచారణ మొదలయ్యేలోపే, వారం తిరక్కుండా కుప్పయ్య మాయమయ్యాడు. మడుగు గట్టున పువ్వు మాత్రం దొరికింది. కాలుజారి నీళ్లలో పడ్డాడని తోడేలు నివేదించింది.

"చినుకు పడితే గుహలోంచి బయటికి రాడు మా వాడు! మడుగుకి ఎందుకెళ్తాడు?" నక్క సభ మధ్యలో గుండెలు బాదుకుంది.

ఆ నివేదికలో ఏదో లోపం ఉందని సభకు మొదటిసారి తోచింది. భోజనానికి కూడా లేవకుండా చట్టం సవరించారు. ఫిర్యాదు చేసినవారి పేరు అడగకూడదు. పువ్వు పెట్టకూడదు. ఎవరిమీద ఫిర్యాదు వస్తే వాళ్ల జాతిని కాపలా పెట్టకూడదు. విచారణ ఎవరికోసమూ ఆగకూడదు. పొద్దు వాలకముందే తోడేలును అడవి దాటించారు.

"మా పిల్లలు పోయినప్పుడు ఈ సవరణ ఎందుకు రాలేదు?" అడిగింది జింక.

"అప్పుడు తగిన ఆధారం లేదమ్మా," అంది ఏనుగు. "పోయినవాళ్లు కూడా మరీ చిన్నపిల్లలు."

సత్యం కోసం ప్రాణమిచ్చిన కుప్పయ్యకి మడుగు గట్టున స్మారకశిల వెలిసింది. ఆవిష్కరణకి సూరమ్మ కూడా పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లి, అందరితోపాటు తల వంచి నిలబడింది.

"అమ్మా, ఈయన నిజం చెప్పాడా?" అంది ఓ పిల్ల.

"చెప్పలేదు," అంది సూరమ్మ. "ఇకనుంచి మనం చెప్పొచ్చు."

నీతి: నిజం చెప్పేవాళ్లకి గట్టి చట్టం రావాలంటే, చట్టం చేసేవాళ్ల బంధువొకడు ముందు అబద్ధమాడాలి.